సైకిలు సందేహాలు: ఒంటి గేరు, ఫిక్స్‌డ్ గేరు

విశాఖ పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ గేరు గురించే. ఒంటి గేరు సైకిలుకి ఫ్రీవీల్ ఉంటుంది, తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది. ఫిక్స్‌డ్ గేరులో ఫ్రీవీల్ ఉండదు, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతాయి. కింది జవాబులన్నీ ఈ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా తాతగారి 28 అంగుళాల రాడ్ బ్రేకు సైకిలుని ఫిక్స్‌డ్ గేరు చేయించాలని ఉంది. ఫ్రీవీల్‌కి వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందని ఒకరు, ఫ్రీవీల్ తీసేసి ఆ మర మీదే పళ్లచక్రం ఎక్కించి, పైన పెడళ్ల దగ్గరి బ్రాకెట్ లాక్ రింగు బిగిస్తే చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిది?
— పాఠకుడు, కంచరపాలెం

జవాబు: రెండూ వద్దండి. కారణం హబ్బు మీది మరలో ఉంది. ఫ్రీవీల్ ఎక్కే మర వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. కుడివైపు తిప్పితే బిగుస్తుంది. ముందుకి తొక్కే ప్రతి తొక్కుడూ దాన్ని ఇంకా బిగిస్తుంది. పాత ఫ్రీవీల్ విప్పడానికి మెకానిక్ అంత తంటాలు పడేది అందుకే. ఫిక్స్‌డ్ గేరులో మాత్రం వేగం తగ్గించాలంటే పెడళ్లని వెనక్కి ఒత్తిపడతారు. ఆ బలం మరని విప్పే దిశలో పడుతుంది.

అసలైన ట్రాక్ హబ్బుకి (రేసు ట్రాక్ మీద తొక్కే ఫిక్స్‌డ్ సైకిళ్ల హబ్బు) దీని పక్కనే కాస్త చిన్నదిగా రెండో మెట్టు ఉంటుంది. దాని వ్యాసం 1.29 అంగుళాలు, మర ఎడమ చేతిది. పళ్లచక్రం విప్పుకోబోతే ఆ మెట్టు మీది లాక్ రింగు బిగుసుకుని దాన్ని ఆపుతుంది. మామూలు హబ్బుకి ఆ మెట్టు లేదు. బ్రాకెట్ లాక్ రింగు మర కూడా 1.37 × 24 కాబట్టి చక్కగా ఎక్కుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ దానిదీ కుడి చేతి మరే. గట్టిగా వెనక్కి ఒత్తినప్పుడు పళ్లచక్రం, రింగు రెండూ కలిసి తిరిగిపోతాయి. పాండురంగపురం డౌన్‌లో దిగుతుండగా అది జరిగితే కాళ్ల కింద పెడళ్లు ఖాళీగా తిరుగుతాయి, వెనక బ్రేకు తీసేసి ఉంటే ఆ చక్రాన్ని ఆపడానికి ఇంకేమీ ఉండదు. మరకి జిగురు వేసి బిగించమనే సలహా కూడా వినిపిస్తుంది. ఎడమ మర చేసే పని జిగురు చేయదు. వెల్డింగ్ పెట్టినా ఫ్రీవీల్ లోపలి భాగాలు మాత్రమే కదలకుండా అవుతాయి, అది హబ్బు మీద విప్పుకునే ప్రమాదం అలాగే ఉంటుంది.

కాబట్టి ఫిక్స్‌డ్ కావాలంటే ట్రాక్ హబ్బు ఉన్న వెనక చక్రం కావాలి. దాన్ని కొనేముందు నాలుగు కొలతలు చూసుకోండి.

మొదటిది పుల్లల లెక్క. పాత సైకిళ్లకి సాధారణంగా ముందు 32, వెనక 40 పుల్లలుంటాయి. ట్రాక్ హబ్బులు ఎక్కువగా 32, 36 రంధ్రాలతో వస్తాయి. అంటే పాత వెనక రిమ్ము కొత్త హబ్బుకి పనికిరాదు.

రెండోది వెనక ఇరుసు గాడుల మధ్య ఖాళీ. ట్రాక్ హబ్బుకి 120 మి.మీ. కావాలి. పాత సైకిళ్లలో 110 దగ్గర ఉండొచ్చు. ఉక్కు ఫ్రేము అయితే పక్కకి 5 మి.మీ. చొప్పున మెల్లగా తెరవచ్చు. తెరిచాక ఒక దారాన్ని ఒక గాడికి కట్టి, హ్యాండిల్ కింది ట్యూబు చుట్టూ తిప్పి రెండో గాడికి కట్టండి. సీటు ట్యూబు నుంచి దారానికి దూరం రెండు పక్కలా ఒకటే రావాలి. అల్యూమినియం ఫ్రేముని మాత్రం ఇలా వంచకండి, పగులుతుంది.

మూడోది రిమ్ము కొలత. 28 × 1½ టైరు కూర్చునే వ్యాసం 635 మి.మీ., కొత్త చక్రాలకి మామూలుగా వచ్చే 700సి రిమ్ముది 622. తేడా 13, అంటే బ్రేకు రబ్బరు 6.5 మి.మీ. కిందికి అందాలి. నాలుగోది ముందు ఫోర్కు. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి వైపున, హబ్బుకేసి చూసే ముఖం మీద ఒత్తుతాయి. ఆ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి రిమ్ము పక్కలని రెండువైపులా నొక్కే కాలిపర్ బ్రేకుకి పట్టు దొరకదు. కాలిపర్ పెట్టాలంటే ముందు రిమ్ము కూడా మార్చాలి. ఫోర్కు తలకి బోల్టు రంధ్రం ఉందో లేదో, అక్కడినుంచి రిమ్ము పక్క దాకా ఎంత దూరమో కొలిచాకే బ్రేకు కొనండి.

క్రాంకులని (పెడళ్ల చేతులని) ఇరుసుకి బిగించే కాటర్ పిన్నుల సంగతి వేరే చెప్పాలి. ఫిక్స్‌డ్‌లో బలం ముందుకీ వెనక్కీ పడుతుంది కాబట్టి కొంచెం వదులున్న పిన్ను వారంలోనే టకటకమంటుంది. కొత్త పిన్ను కొట్టేటప్పుడు క్రాంకు కింద గట్టి ఇనప పైపు నిలబెట్టి ఆసరా ఇవ్వాలి. లేకపోతే దెబ్బంతా బ్రాకెట్ గోళీల మీద పడి గుంటలు చేస్తుంది. పది కిలోమీటర్లు తొక్కాక నట్టు మళ్లీ బిగించండి. పిన్నులు 9 మి.మీ., 9.5 మి.మీ. రెండు సైజుల్లో ఉంటాయి, పాతది జేబులో వేసుకుని కొట్టుకి వెళ్లండి.

ఒక మాట. తాతగారి సైకిలు ఇప్పటికే మంచి ఒంటి గేరు సైకిలు. ఇన్ని మార్చాక అందులో ఆయన సైకిలంటూ మిగిలేది ఫ్రేమొక్కటే. గోళీలు, గ్రీజు, చైను మార్చి దాన్ని అలాగే ఉంచి, ఫిక్స్‌డ్‌కి వేరే పాత ఉక్కు ఫ్రేము వెతుక్కోవడం మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: రోజూ పొద్దున్న బీచ్ రోడ్డు మీద రుషికొండ వరకు, ఆదివారం భీమిలి దాకా వెళ్తాను. తిరిగి వచ్చేటప్పుడు సిరిపురం ఎత్తు ఎక్కాలి. ఒంటి గేరుకి ఎన్ని పళ్లు పెట్టించుకోవాలి?
— పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: ముందు 44, వెనక 18తో మొదలుపెట్టండి. నిష్పత్తి 2.44. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కాబట్టి పెడల్ ఒక చుట్టుకి 5.1 మీటర్లు వెళ్తారు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 27, 28 కిలోమీటర్ల వేగం. బీచ్ రోడ్డు మిట్టపల్లాలకి అది సరిపోతుంది. కొట్లో చాలామంది 46 × 16 అంటగడతారు. నిష్పత్తి 2.87. ఎదురుగాలి లేనప్పుడు హాయిగానే ఉంటుంది కానీ మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక, సిరిపురం ఎత్తులోనూ, మోకాళ్లు చెబుతాయి. 44 × 18 కూడా బరువనిపిస్తే ముందుది అలాగే ఉంచి వెనక 20 పెట్టండి, 2.2 అవుతుంది. వెనకది మార్చడం చవక.

ఒకవైపు ఫ్రీవీల్, రెండోవైపు ఫిక్స్‌డ్ ఉండే రెండు వైపుల హబ్బు తీసుకుంటే చక్రం తిప్పి పెట్టుకోవచ్చు. టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 వరకు గేరు మార్చే డెరైలర్‌కి అనుమతి లేదు. అంతకుముందు రేసుగాళ్లు కొండ కింద ఆగి, చక్రం విప్పి తిప్పి పెట్టుకునేవారు. రెండు వైపులా పళ్ల తేడా ఒకటి, రెండు మించకుండా చూసుకోండి. ఒక పన్ను తేడాకి ఇరుసు గాడిలో సుమారు 3 మి.మీ. జరుగుతుంది. తేడా ఎక్కువైతే గాడి చాలదు.

కైలాసగిరి, సింహాచలం ఘాట్లు దిగేటప్పుడు ఫ్రీవీల్ వైపే ఉంచండి. 44 × 18 ఫిక్స్‌డ్‌తో గంటకి 40 కిలోమీటర్లకి చేరితే కాళ్లు నిమిషానికి 130 చుట్లు తిరగాలి. అలవాటు లేనివాళ్లు సీటు మీద ఎగిరెగిరిపడతారు.

ప్రశ్న: నా ఫిక్స్‌డ్ సైకిలు 48 × 16. బ్రేకు పెట్టలేదు, వెనక చక్రాన్ని జారించి ఆపుతాను. వెనక టైరు ఒకేచోట అరిగి దారాలు బయటపడుతోంది. టైరు నాసిరకమా?
— పాఠకుడు, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు

జవాబు: టైరుది తప్పు కాదు, లెక్కది. 48ని 16తో భాగిస్తే సరిగ్గా 3. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరిగి అదే చోటికి వస్తుంది. మీరు ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి జారిస్తారు కాబట్టి ఎప్పుడూ ఒకే చోట నేలకి రాసుకుంటుంది. భిన్నాన్ని బాగా కుదించాక కింద మిగిలే అంకే జారుడు చోట్ల సంఖ్య. 46 × 16 అంటే 23/8, ఎనిమిది చోట్లు. 48 × 17ని ఇక కుదించలేం, కాబట్టి పదిహేడు చోట్లు. వెనక 17 వేయించండి.

అంతకంటే ముందు బ్రేకు పెట్టించండి. ట్రాక్ మీద బ్రేకు ఉండదంటే అక్కడ అందరూ ఒకే దిశలో వెళ్తారు, ఎదురుగా ఆటో రాదు, కుక్క అడ్డం పడదు. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వెళ్తుంది, వెనకది తేలికై నేల మీద పట్టు కోల్పోతుంది. అందుకే వెనక చక్రం జారించి ఆగే దూరం ముందు బ్రేకుతో ఆగే దూరం కన్నా చాలా ఎక్కువ. చైను తెగినా జారినా మీకు ఏ బ్రేకూ ఉండదు. ముందు కాలిపర్ ఒక్కటి పెట్టినా సైకిలు అందం చెడదు. పెడళ్లకి కాలి పట్టీలు కూడా ఉండాలి. దిగుడులో పాదం జారితే తిరిగే పెడల్ పిక్కని కొడుతుంది.

ప్రశ్న: కొత్తగా కట్టించిన సైకిలు చైను ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటోంది. రెండుసార్లు ఊడింది కూడా.
— పాఠకుడు, గాజువాక

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. బిగుతు, వదులు మారుతున్నాయంటే ముందు పళ్లచక్రం నడిమధ్యన కూర్చోలేదు. దాని అయిదు బోల్టులు కొద్దిగా వదులు చేసి, క్రాంకు మెల్లగా తిప్పండి. బాగా బిగుతుగా ఉన్న చోట ఆపి, చైనుని పానా పిడితో తేలిగ్గా తట్టండి. పళ్లచక్రం వెంట్రుకవాసి జరుగుతుంది. రెండు మూడు చుట్లు ఇలా చేసి, ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నది చొప్పున బోల్టులు బిగించండి. బాగా బిగుతుగా ఉన్న చోట కూడా చైను మధ్యలో వేలితో నొక్కితే 10 నుంచి 15 మి.మీ. ఆడాలి. ఆట లేకుండా బిగిస్తే హబ్బు గోళీలు అరుగుతాయి.

ఊడటానికి కారణం చైను వరస అయ్యుంటుంది. ముందు పళ్లు, వెనక పళ్లు ఫ్రేము మధ్య గీత నుంచి ఒకే దూరంలో ఉండాలి. ముందుది: సీటు ట్యూబు అంచు నుంచి పళ్ల మధ్యకి కొలిచి, ట్యూబు మందంలో సగం కలపండి. వెనకది: గాడి లోపలి ముఖం నుంచి పళ్ల మధ్యకి కొలిచి, ఇరుసు ఖాళీలో సగం నుంచి తీసేయండి. 120 మి.మీ. హబ్బులో ఆ కొలత 18 వస్తే 60 నుంచి 18 పోను 42. ట్రాక్ హబ్బుల మామూలు లెక్క అదే. రెండిటికీ తేడా ఒకటి, రెండు మి.మీ. దాటితే బ్రాకెట్ ఇరుసు పొడవు మార్చాలి. చైను వెడల్పు కూడా చూడండి. ⅛ అంగుళం పళ్ల మీద 3/32 చైను కూర్చోదు. ⅛ చైను మాత్రం రెండిటి మీదా నడుస్తుంది.

జాయింటు క్లిప్పు మూసిన వైపు చైను నడిచే దిశకి ఉండాలి. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు ఊడిపోతుంది.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గరి ఇల్లు. నెలకే చైను ఎర్రబడుతోంది. ఏం చేయాలి?
— పాఠకురాలు, చినవాల్తేరు

జవాబు: ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, అది ఎండినట్టు కనపడినా తుప్పు ఆగదు. వారానికి ఒకసారి తడిగుడ్డతో మంచినీళ్లు పెట్టి తుడిచి, పొడిగుడ్డ పెట్టి, ఒక్కో జాయింటుకి ఒక్కో చుక్క నూనె వేయండి. పది నిమిషాలాగి పైనూనె తుడిచేయండి. పైన మిగిలిన నూనెకి ఇసుక అంటుకుని సానరాయిలా పనిచేస్తుంది. వంటనూనె వద్దు, బంకగా గడ్డకడుతుంది. చైను 24 లింకుల పొడవు 12 అంగుళాలు ఉండాలి. ఆ పొడవు 1/16 అంగుళం పెరిగితే పళ్లు పాడుకాకముందే మార్చండి. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం సీటు పోస్టు ఉంటే మూడు నెలలకోసారి బయటకి లాగి గ్రీజు పూయండి. ఉప్పు గాలిలో ఆ రెండు లోహాలూ ఒకదానికొకటి పట్టేసి, తర్వాత రంపంతో కోస్తే తప్ప రావు.

మీది ఫిక్స్‌డ్ గేరు అయితే ఇంకొకటి. సైకిలు తలకిందులు చేసి, చక్రం తిప్పుతూ గుడ్డతో చైను తుడవకండి. ఫ్రీవీల్ ఉంటే చెయ్యి చిక్కినప్పుడు పెడళ్లు ఆగుతాయి. ఫిక్స్‌డ్‌లో చక్రం వేగమే చైనుని లాక్కుపోతుంది, గుడ్డతోపాటు వేళ్లు పళ్ల మధ్యకి వెళ్తాయి, తెగుతాయి. చక్రం ఆపి, చైను ఒక జానెడు తుడిచి, చెయ్యి తీసి, చక్రం కాస్త తిప్పి, మళ్లీ తుడవండి. చున్నీ, పంచె, వేలాడే బూటు తాడు కూడా ఇలాగే చిక్కుతాయి.

ప్రశ్న: నా దగ్గర 21 గేర్ల కొండ సైకిలుంది. అన్నీ తీసేసి ఒంటి గేరు చేయొచ్చా?
— విద్యార్థి, మధురవాడ

జవాబు: చేయొచ్చు, ఫిక్స్‌డ్ మాత్రం కాదు. ఇరుసు గాడి నిలువుగా ఉంటే చక్రం ముందువెనకలకి జరగదు, చైను బిగించడానికి స్ప్రింగు టెన్షనర్ తప్పనిసరి. ఫిక్స్‌డ్‌లో వెనక్కి ఒత్తితే చైను కింది వరస బిగుసుకుని టెన్షనర్‌ని విరిచేస్తుంది. వెనక హబ్బుకి క్యాసెట్ (జారించి తొడిగే పళ్లచక్రాల కట్ట) ఉంటే పళ్లు తీసి, 16 పళ్లదొకటి, అటూఇటూ ఖాళీ నింపే స్పేసర్లు వేసి, ముందు 32తో వరస కలిసేదాకా స్పేసర్లు మార్చి చూడండి. విప్పే ఫ్రీవీల్ రకమైతే అది తీసి, అదే మర మీద 16 పళ్ల ఒంటి ఫ్రీవీల్ ఎక్కుతుంది. ఇప్పుడున్న చైనునే కత్తిరించి వాడుకోవచ్చు. గేర్ల సైకిలు చైను ⅛ పళ్ల మీద కూర్చోదు కాబట్టి కొత్త ఫ్రీవీల్ కొనేటప్పుడు మాత్రం 3/32 పళ్లదే అడగండి.