వాడికి వేరే గ్లాసు ఎందుకమ్మా?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. సెలవు రోజుల్లో వాడి స్నేహితుడు ఆడుకోవడానికి మా ఇంటికి వచ్చేవాడు. పోయిన నెలలో ఆ పిల్లవాడు దాహమంటే, మా అత్తగారు పనిమనిషి కోసం వంటింటి కిటికీలో బోర్లించి ఉంచే గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చారు. అంతకుముందే వాళ్లు ఏ పేటలో ఉంటారో ఆరా తీశారట. ఆ రోజు నుంచి వాడు రావడం మానేశాడు. ‘వాడికి వేరే గ్లాసు ఎందుకమ్మా?’ అని మా బాబు అడుగుతున్నాడు. మావారేమో ‘పెద్దావిడ, ఆచారం, సర్దుకుపో’ అంటున్నారు. నేనేం చెప్పాలి?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: బాబుకు దాచకుండా చెప్పండి. ‘వాళ్ల కులాన్ని బట్టి నాన్నమ్మ వాడిని తక్కువగా అనుకుంది. అది తప్పు. ఇకపై మన ఇంట్లో అలా జరగదు’ అంటే చాలు. జలుబు అంటుకుంటుందనో మరొకటో సాకు చెప్పి దాటేస్తే, అసలు సంగతి వాడు నాన్నమ్మను చూసి నేర్చుకుంటాడు.

ఆ పిల్లవాడు ఎలాంటివాడో ఆవిడకు తెలియదు. పేట పేరు వినగానే తీర్పు అయిపోయింది. దురభిప్రాయమంటే ఇదే. అందులో కోపం, ద్వేషం ఉండి తీరాలని లేదు. ఆవిడ ఆ నీళ్లు ఆప్యాయంగానే ఇచ్చి ఉంటారు. అందుకే ఇంట్లో ఎవరికీ తప్పు జరిగినట్టు అనిపించదు. గ్లాసు అందుకున్నవాడికే తెలుస్తుంది.

ఆ తెలియడం ఎంత పని చేస్తుందో చూడండి. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో బడి పిల్లల చేత కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు చేయించారు. కులం ప్రస్తావన రానంతసేపు దళిత పిల్లలు మిగతావారితో సమానంగా చేశారు. అందరి ముందూ కులం చదివి వినిపిస్తే వెనకబడ్డారు. పేరు పక్కన కులం చదివినంత మాత్రాన తెలివి తగ్గదు కదా! తమను ఎలా లెక్కగడతారో తెలిసిన చోట చేయి ముందుకు సాగదు.

ఇక మీకు కష్టంగా ఉండే మాట. ఆ గ్లాసు బాబు స్నేహితుడి కోసం కొన్నది కాదు. మీ పనిమనిషి రోజూ అందులోనే తాగుతోంది. మీ గిన్నెలన్నీ తోమడానికి పనికొచ్చిన చేతులు ఆ గిన్నెల్లో తాగడానికి పనికిరాలేదు. ఉత్తరంలో ఆమె గురించి మీరు ఒక్క మాటా అనలేదు. టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి పేపర్లో చదివి ‘ఇంకా ఇలాంటివా’ అనుకుంటాం, మన కిటికీ మనకు కనిపించదు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని 1950లోనే రద్దు చేసింది. దాన్ని పాటిస్తే శిక్షలు 1955 నాటి చట్టంలో ఉన్నాయి. అత్తగారిని బెదిరించమని చెప్పడం లేదు. మీవారు ఆచారం అంటున్నది ఏమిటో ఆయనకు తెలియాలి.

ఆవిడ మనసు మార్చే పని పెట్టుకోకండి, ఇన్నేళ్ల నమ్మకం ఒక్క వాదనతో పోదు. వంటింటి పద్ధతి మార్చడం మీ చేతిలో ఉంది. ముందు మీవారితో, ఆవిడ లేనప్పుడు మాట్లాడండి. తల్లి మీద ఫిర్యాదులా మొదలుపెడితే ఆయన తల్లి వైపే నిలబడతారు. బాబు ఏం నేర్చుకుంటున్నాడన్న దగ్గర మొదలుపెట్టండి. తర్వాత ఆ గ్లాసును మిగతావాటిలో కలిపేయండి. పనిమనిషికి అందరి గ్లాసుల్లోనే టీ ఇవ్వండి. అత్తగారికి జంకి ఆమె తీసుకోకపోతే, మీరూ కూర్చుని తాగండి. అత్తగారు అలిగి తన గ్లాసు తాను వేరుగా పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. అది ఆవిడ ఇష్టం. ఇంకొకరిని వేరు పెట్టడం మాత్రం కుదరదని గొంతు పెంచకుండా చెప్పండి.

ఆ పిల్లవాడి ఇంటికి మీరే వెళ్లండి. వాళ్లమ్మతో ‘మా ఇంట్లో తప్పు జరిగింది’ అనండి. ‘పెద్దావిడ, ఏమీ అనుకోకండి’ అనకండి, అది మళ్లీ వాళ్లనే సర్దుకుపొమ్మనడం. వాళ్లు మంచినీళ్లిస్తే తాగండి. వాడు మళ్లీ మీ ఇంటికి రావడం, రాకపోవడం వాడిష్టం. వాళ్లకు అభ్యంతరం లేకపోతే మీ బాబునే అక్కడికి ఆడుకోవడానికి పంపండి.