అక్కకి చెప్పాల్సిన మాట గుడిలో చెప్పారు

"మాది తెనాలి దగ్గర పల్లె, లూథరన్ క్రైస్తవ కుటుంబం. అమ్మ పోయాక ఇంటి స్థలం అమ్మాను. బ్యాంకు లోను కోసమని చెప్పి అక్క చేత కాగితాల మీద సంతకం పెట్టించుకుని, వచ్చిన 18 లక్షలూ నేనే వాడుకున్నాను. అక్క పెళ్ళికి నాన్న కట్నం ఇచ్చాడు కదా, ఆమె వాటా తీరిపోయింది అనుకున్నాను. ఇది జరిగి 7 ఏళ్ళు. తర్వాత బావ చనిపోయాడు. అక్క చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. పోయిన ఏడాది ఉపవాస కూడికల్లో నేను మారుమనస్సు పొందాను. తాగుడు మానేశాను. క్రిస్మస్‌కి ఊరెళ్ళి గుడిలో నా పాపం ఒప్పుకుని సాక్ష్యం చెప్పాను. అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. అక్క మాత్రం మధ్యలో లేచి వెళ్ళిపోయింది. క్షమించమని రోజూ వాట్సాప్‌లో వాక్యాలు పంపుతున్నా, జవాబు లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. చిన్నప్పటి బాప్తిస్మం చెల్లదని, నీళ్ళలో మునిగి మళ్ళీ తీసుకుంటే శాంతి వస్తుందని ప్రార్థన గుంపులో అంటున్నారు. తీసుకోమంటారా?" — ఒక సోదరుడు, హైదరాబాదు

బాప్తిస్మం సంగతి ముందు తేల్చేస్తాను. పసిపిల్లలకు ఇచ్చింది చెల్లుతుందా, పెద్దయ్యాక మునిగి తీసుకోవాలా అన్నది సంఘాల మధ్య వందల ఏళ్ళుగా ఉన్న వాదన. అది మీ పాస్టరుగారితో మాట్లాడుకోండి. మీ నిద్ర పోయింది మాత్రం దాని వల్ల కాదు. మీ ఉత్తరంలో "నేను", "నా" అన్న మాటలు వరుసకి వస్తూనే ఉన్నాయి. అక్కకి ఇవ్వాల్సిన డబ్బు గురించి మాత్రం ఒక్క మాట లేదు. తిరిగి ఇచ్చానని గానీ, ఇస్తానని గానీ, ఇవ్వలేకపోతున్నానని గానీ రాయలేదు. నా కన్ను అక్కడే ఆగిపోయింది.

యొర్దాను నది ఒడ్డున బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి జనం వచ్చిన ఘట్టం లూకా 3వ అధ్యాయంలో ఉంది, ఈ రాత్రి మళ్ళీ చదవండి. మారుమనస్సుకు తగిన ఫలాలు చూపించమన్నాడాయన. అయితే మమ్మల్ని ఏం చేయమంటావని జనం అడిగారు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వమన్నాడు. సుంకం వసూలు చేసేవాళ్ళకి, నిర్ణయించిన దానికంటే పైసా ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులకి, ఎవరినీ బెదిరించి గుంజుకోకండి, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. నది పక్కన నిలబడి కూడా ఆయన మాట్లాడింది బట్టల గురించి, డబ్బు గురించి. మీరు మునుగుదామనుకుంటున్న నీళ్ళ దగ్గర మొదట అడిగిన లెక్క ఇది.

మన తెలుగు బైబిల్లో మారుమనస్సు అన్న మాటకి మూలం గ్రీకులో మెటనోయా, అంటే ఆలోచనే మారిపోవడం. పాత నిబంధనలో ప్రవక్తలు వాడిన హీబ్రూ మాట షూబ్‌కి అర్థం వెనక్కి తిరిగి రావడం. దారి తప్పినవాడు దారి మధ్యలో కూర్చుని ఏడిస్తే ఇల్లు చేరడు కదా. యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర బుద్ధి తెచ్చుకున్నాక, లేచి నడిచాడు. మీకు బుద్ధి వచ్చింది, కాదనను. తాగుడు మానడం చిన్న సంగతి కాదు, అందుకు మీ మీద గౌరవమే కలిగింది. కానీ నడక మొదలవలేదు.

మీ సాక్ష్యం గురించి చెప్పాలి. మీరు మీ పాపం చెప్పుకున్నానని అనుకుంటున్నారు. అక్క వైపు నుంచి చూడండి. ఆమె ఆడవాళ్ళ వరసలో చాప మీద కూర్చుని ఉంది. తమ్ముడు మైకు పట్టుకుని, అక్కని మోసం చేశాను, స్థలం డబ్బు తినేశాను అంటున్నాడు. అంతవరకూ ఊళ్ళో సగం మందికి తెలియని తన నష్టం ఆ పూట అందరికీ తెలిసింది. జనం ఏడ్చింది మీ కోసం. మర్నాడు ఫాల్స్ కుట్టించుకోవడానికి చీరలు తెచ్చిన ప్రతి మనిషీ జాలిగా చూసింది ఆమెని. పైగా దేవుడు క్షమించాడని మీరు చెప్పేసరికి, అక్కడ ఇక ఆమెని ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేకుండా పోయింది. లేచి వెళ్ళిపోక ఏం చేస్తుంది? నేనైతే అంతసేపు కూడా కూర్చునేదాన్ని కాదు.

ఆ వాక్యాలు పంపడం ఇవాళే ఆపండి. మీరు ఇతరుల్ని క్షమించకపోతే పరలోకపు తండ్రి మిమ్మల్ని క్షమించడనే మాట, తీసుకున్నవాడు పోగొట్టుకున్న మనిషికి పంపేది కాదు. మీకు వర్తించే వాక్యం దానికి ముందు అధ్యాయంలోనే ఉంది, మత్తయి 5:23, 24. బలిపీఠం దగ్గర అర్పణ తెచ్చి నిలబడినప్పుడు నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని యేసు చెప్పాడు. గుడి మధ్యలోంచి లేచి వెళ్ళాల్సింది మీరు. ఆ రోజు ఆమె వెళ్ళింది.

క్షమాపణ ఆమె చేతిలో ఉంది. అది బాకీలా వసూలు చేసుకునేది కాదు. బాకీ మీ వైపు ఉంది.

లెక్క చూద్దాం. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకపోతే క్రైస్తవ తల్లి ఆస్తి కొడుక్కీ కూతురికీ సమానం. కట్నం ఇచ్చాం కాబట్టి తీరిపోయిందన్న మాట మన ఇళ్ళల్లో చెల్లుతుంది గానీ చట్టంలో చెల్లదు, దేవుడి దగ్గరా చెల్లదు. అక్క వాటా 9 లక్షలు. మోసంతో తీసుకున్నవాడు అసలుకి అయిదో వంతు కలిపి, ఎవరిదో వాళ్ళకే ఇవ్వాలని లేవీయకాండం 6వ అధ్యాయం చెబుతుంది. ఆ తర్వాతే అపరాధ పరిహారార్థ బలి. అంటే 10 లక్షల 80 వేలు. సుంకం వసూలు చేసే జక్కయ్య అయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఆ మాట అతని నోటి నుంచి వచ్చాకే, ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నాడు.

అంత డబ్బు ఒకేసారి లేదంటారు. లేకపోవచ్చు. మా మేనమామ మా అమ్మ గాజులు రెండు తాకట్టు పెట్టి విడిపించలేకపోయాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం సైకిల్ మీద వచ్చి, జేబురుమాలు ముడి విప్పి ఒక్క గాజు అమ్మ చేతిలో పెట్టాడు. "ఒకటే చేయించగలిగానమ్మా, రెండోది వచ్చే క్రిస్మస్‌కి" అన్నాడు. అమ్మ ఒక్క మాట అనలేదు. గాజు వేసుకుని లోపలికెళ్ళి అన్నం వడ్డించింది. క్షమించు అని ఆయనా అడగలేదు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. పశ్చాత్తాపం అనే మాట ఎక్కడ విన్నా ఆ రుమాలు ముడే గుర్తొస్తుంది.

తన ప్రభువుని ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు. కానీ ఆయన కథ ఆ ఏడుపుతో ఆగలేదు. తర్వాత గలిలయ సముద్రం ఒడ్డున యేసు నిలబడి ఉన్నాడని తెలియగానే, పడవ ఒడ్డు చేరేదాకా కూడా ఆగలేక నీళ్ళలోకి దూకాడు. ఆ మనిషి దగ్గరికి వెళ్ళాలని దూకాడు. మీరు తప్పు చేసిన మనిషి తెనాలి పక్కనే ఉంది. బస్సెక్కితే సాయంత్రానికి చేరతారు.

ఒక్కరే వెళ్ళండి. పాస్టరుగారిని తీసుకెళ్ళొద్దు, ప్రార్థన గుంపునీ వద్దు. మీ ఆవిడకి ముందే చెప్పండి, ఇంట్లో గొడవ అయినా సరే. పిల్లల ఫీజుల మాట ఆవిడ ఎత్తుతుంది. అక్క పిల్లలకీ ఫీజులున్నాయని నెమ్మదిగా చెప్పండి. ఎంత బాకీయో, నెలకి ఎంత కడతారో రాసి సంతకం పెట్టిన కాగితం, మొదటి విడత డబ్బు చేతిలో ఉండాలి. కట్నం ప్రస్తావన తేవద్దు, వాక్యం చెప్పొద్దు, ఏడవొద్దు. "అక్కా, ఇది నీది, నేను అబద్ధం చెప్పి తీసుకున్నాను" అనండి చాలు. క్షమించానని చెప్పమని అడగకండి. ఆమె తలుపు వేసుకోవచ్చు, ఏడేళ్ళు దాచుకున్నదంతా మీ మొహాన అనొచ్చు. నిలబడి వినండి.

పాపక్షమాపణ చీటీల బేరం మీద 1517లో మార్టిన్ లూథర్ రాసిన 95 వాదాల్లో మొదటిదే, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలని. మీరు ఆ సంఘంలో పుట్టినవారు. నెలకి 15 వేల చొప్పున కడితే 10 లక్షల 80 వేలు తీరడానికి సరిగ్గా 72 నెలలు, ఆరేళ్ళు. ఆమె మాట్లాడినా, మాట్లాడకపోయినా, జీతం వచ్చిన రోజే అక్క ఖాతాలో డబ్బు పడాలి. మీ ఇంటి అద్దె కట్టడం ఆ తర్వాత.