గొర్రెలు చూలు కట్టకపోతే స్పాంజ్‌కు ముందు పొట్టేలును పట్టి చూడండి

అన్నా, మీరు అడిగింది ఇదీ: కళ్యాణదుర్గం దగ్గర అరవై గొర్రెలు, రెండు పొట్టేళ్లు. జూన్ వానలకు పొట్టేళ్లను మందలోకి వదిలారు. ఇప్పుడు చూస్తే ఇరవై దాకా ఖాళీగా ఉన్నాయి. ఒకరు గొర్రెలన్నీ ఒకేసారి ఎదకొచ్చేలా హార్మోన్ స్పాంజ్ పెట్టించమన్నారు, ఇంకొకరు కవలలు పుట్టించే పొట్టేలును కొనమన్నారు. ఏది చేయాలి?

రెండూ ఇప్పుడే వద్దు. ముందు ఆ పొట్టేళ్ల సంగతి తేలాలి.

మాది రాయదుర్గం వైపు. తాతల కాలం నుంచి ఇంట్లో జీవాలున్నాయి. నేను పశుసంవర్ధక పాలిటెక్నిక్ చదివి మళ్లీ మంద దగ్గరికే వచ్చాను. మందకు పెద్ద మా చిన్నాయన. చూలు కట్టలేదంటే మా ఊళ్లో ఎవరైనా తిట్టేది గొర్రెనే. "ఇది గొడ్డుది, సంతకు తోలెయ్" అంటారు. గొర్రె గొడ్డుదయితే పోయేది ఒక పిల్ల. పొట్టేలు పనికిరాకపోతే ఆ ఈతలో ముప్పై పిల్లలు పోతాయి. అయినా పొట్టేలు మీద అనుమానం ఎవరికీ రాదు. కొమ్ములు, ఒడ్డూపొడుగూ బాగుంటే చాలు అనుకుంటారు.

మన ఎండలే ఇక్కడ అసలు విషయం. గొర్రె ఒంటి వేడి మామూలుగానే 39 డిగ్రీల దాకా ఉంటుంది. వృషణాలు దానికంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యం సరిగ్గా తయారవుతుంది. అందుకే సంచి ఎండకు సాగి కిందికి వేలాడుతుంది, చలికి పైకి ముడుచుకుంటుంది. వీర్యకణం తయారవడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. ఆ తర్వాత పక్కనున్న సన్నటి గొట్టంలో ముదరడానికి మరో పది పన్నెండు రోజులు కావాలి. అంటే ఈ రోజు పొట్టేలు ఇచ్చే వీర్యం మొదలైంది రెండు నెలల కిందట. మే నెలలో మిట్టమధ్యాహ్నం బీళ్లలో తిరిగిన పొట్టేలు జూలైలో ఉషారుగానే దాటుతుంది. ఆ ఉషారుకూ వీర్యం నాణ్యతకూ పెద్దగా సంబంధం లేదు. కంటికి అంతా బాగానే కనబడుతుంది, కడుపులు మాత్రం నిలవవు. నీలినాలుక, బొబ్బ రోగం లాంటి వాటితో జ్వరం తగిలినా ఇదే కథ. జ్వరం తగ్గిన రెండు నెలల దాకా ఆ పొట్టేలును నమ్మలేం.

మా చిన్నాయన ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా పొట్టేళ్లను వేరుగా చింతచెట్టు కింద కట్టేస్తాడు. పొద్దున, సాయంత్రం మాత్రమే మేపుతాడు. ఎందుకని అడిగితే "మా నాయన కట్టేవాడు" అన్నాడు. అంతకు మించి కారణం ఆయనకు అక్కర్లేదు.

పొట్టేలును నిలబెట్టి, వెనకనుంచి రెండు చేతులతో వృషణాలను తడిమి చూడండి. రెండూ ఒకే సైజులో, గట్టిగా, సంచిలో సులువుగా జారుతూ ఉండాలి. మెత్తగా ఉన్నా, ఒకటి చిన్నదైనా, కింది కొనలో గడ్డ చేతికి తగిలినా ఆ పొట్టేలును పక్కన పెట్టండి. అలాంటి గడ్డకు బ్రూసెల్లా అనే బాక్టీరియా కారణం కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి. కాళ్లు, గిట్టలు కూడా చూడండి. వెనక కాలు నొప్పిగా ఉన్న పొట్టేలు గొర్రె మీదికి ఎక్కలేదు.

ఇక అసలు పరీక్ష. మీరు రూపాయి ఖర్చు పెట్టే ముందు చేయాల్సింది ఇదే. జాజును వంటనూనెలో చిక్కగా కలిపి పొట్టేలు రొమ్ముకు, ముందుకాళ్ల మధ్య పూయండి. రెండు మూడు రోజులకొకసారి మళ్లీ పూస్తుండాలి. అది ఎక్కిన గొర్రె నడుము మీద ఎర్రగా అంటుకుంటుంది. ఎదకొస్తే ఆవు అరుస్తుంది, గొర్రె అలా బయటపడదు. ఎద ఉండేది కూడా ఒకటి ఒకటిన్నర రోజే. అది పొట్టేలుకు తెలుస్తుంది, మనకు తెలియదు. గొర్రె ఎద చక్రం 16, 17 రోజులు. అందుకని పదిహేడో రోజున రంగు మార్చండి, ముగ్గుల్లోకి వాడే నీలం పొడి సరిపోతుంది. మీవి నల్ల దక్కనీ గొర్రెలైతే జాజు కనబడదు, ముందు పసుపు, తర్వాత తెలుపు వాడండి.

రెండో విడత ముగిశాక మందను ఒకసారి దొడ్డి గుమ్మంలోంచి ఒక్కొక్కటిగా వదిలి చూడండి. ఎక్కువ గొర్రెల మీద ఎరుపుతో పాటు నీలం కూడా ఉంటే, అవి మళ్లీ ఎదకొచ్చినట్టు, తప్పు పొట్టేలు దగ్గర ఉన్నట్టు. కొన్నింటి మీద ఏ రంగూ లేకపోతే అవి అసలు ఎదకే రాలేదు, కారణం మేతలోనో వయసులోనో వెతకాలి. చాలావాటి మీద ఎరుపు ఒక్కటే ఉంటే మంద బాగున్నట్టే. ఇలా చూస్తే ఆ ఇరవైలో సగం ప్రశ్నలు అక్కడికక్కడే తీరిపోతాయి.

మీకు రెండు పొట్టేళ్లున్నాయి కాబట్టి చెరో రంగు పూయడం ఇంకా మంచిది. రెండు పొట్టేళ్లున్న మందలో ఒకటి పెత్తనం చేస్తుంది, రెండోదాన్ని కుమ్మి తరిమేస్తుంది. ఆ పెత్తందారు వీర్యమే చెడితే, అది కాపలా కాసిన గొర్రెలన్నీ ఖాళీ. మంచి పొట్టేలు పక్కనే ఉండి కూడా ఏమీ చేయలేదు. అరవైలో మూడో వంతు ఖాళీ అన్నప్పుడు నాకు మొదట తట్టింది ఇదే. మందను రెండుగా చేసి, ఒక్కో పొట్టేలుకు ముప్పై చొప్పున వేరువేరుగా వదిలితే నిజం త్వరగా తెలుస్తుంది.

రంగు అంటని వాటి సంగతి. ఇంగ్లండు, ఆస్ట్రేలియా పుస్తకాల్లో గొర్రెలు పగటి వెలుతురు తగ్గే కాలంలోనే ఎదకొస్తాయని రాసి ఉంటుంది. రాత్రి పొడుగైతే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను ఎక్కువసేపు వదులుతుంది, అదే వాటికి కబురు. ఇంగ్లండులో ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ ఎనిమిది గంటల తేడా ఉంటుంది, అనంతపురంలో రెండు గంటలు కూడా ఉండదు. మన గొర్రెలకు కబురు చెప్పేది ఎక్కువగా మేత. నడుము మీద తోలు కింద ఎముకల కొనలు బొటనవేలికి గుచ్చుకుంటున్నాయంటే, ఆ గొర్రెకు తన ఒంటికే చాలట్లేదని అర్థం. పొట్టేలును వదలడానికి రెండు మూడు వారాల ముందు నుంచి, వదిలాక ఇంకో రెండు వారాల దాకా రోజుకు 200 నుంచి 250 గ్రాముల మొక్కజొన్న నూకో సజ్జలో పెట్టండి. మొదటిరోజే పావుకిలో పోయకండి, కడుపులో ఆమ్లం పెరిగి పడిపోతాయి, వారం రోజుల్లో మెల్లగా పెంచండి. చిన్నాయన దీన్ని ఒప్పుకోడు, "కొవ్విన గొర్రె కట్టదు" అంటాడు. బాగా కొవ్విన దాని విషయంలో ఆయన మాట నిజమే. కానీ మే నెలాఖరుకు మన బీళ్లలో కొవ్విన గొర్రె ఎక్కడుంది చెప్పండి?

ఇంకో ఉపాయం ఉంది, పైసా ఖర్చు లేనిది. పొట్టేళ్లను నెలకు పైగా గొర్రెల చూపుకు, వాసనకు దూరంగా ఉంచి, ఒక్కసారిగా వదలడం. పొట్టేలు వాసన తగలగానే గొర్రె మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ హార్మోన్ పెరుగుతుంది, రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. మొదటిసారి ఎద బయటికి కనబడదు. అందుకని పద్దెనిమిదో రోజు దగ్గర, ఇరవై నాలుగో రోజు దగ్గర గుంపుగా ఎదకొస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1944లోనే దీని మీద పరిశోధన అచ్చయింది. మన దగ్గర చిక్కేమిటంటే బీళ్లలో పక్క మందల పొట్టేళ్లు కలిసిపోతాయి, దూరం పెట్టినట్టే ఉండదు. అప్పుడు కొత్త పొట్టేలును తెస్తే కొంత ఫలితం ఉంటుంది.

ఇప్పుడు స్పాంజ్. ప్రొజెస్టరాన్ హార్మోన్ లాంటి మందు పట్టించిన స్పాంజ్ ముక్కను 12 నుంచి 14 రోజులు గొర్రె యోనిలో ఉంచుతారు. తీసేటప్పుడు పీఎంఎస్‌జీ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తారు. రెండు రోజుల్లో దాదాపు అన్నీ ఒకేసారి ఎదకొస్తాయి. రాజస్థాన్ అవికానగర్‌లోని కేంద్ర గొర్రెల పరిశోధన సంస్థ ఈ స్పాంజ్‌ను మన దేశంలోనే అవికెసిల్-ఎస్ పేరుతో తయారుచేసింది. మందు పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఇరవై గొర్రెలు ఒకే రోజు ఎదకొస్తే మీ రెండు పొట్టేళ్లు ఏం చేస్తాయి? అలాంటప్పుడు ఒక పొట్టేలుకు ఐదారు గొర్రెలకు మించి ఇవ్వకూడదు. పైగా పొట్టేలే చెడిందైతే స్పాంజ్ డబ్బులు నీళ్లపాలు. ఈతలన్నీ ఒకే వారంలో పడాలి, పిల్లలన్నీ ఒకే వయసులో బేరానికి రావాలి అనుకునే షెడ్డు రైతుకు అది ఉపయోగం.

గొర్రెల్లో కృత్రిమ గర్భధారణ కూడా ఆవుల్లో ఉన్నంత సులువు కాదు. గొర్రె గర్భాశయ ముఖద్వారంలో మెలికలు తిరిగిన నాలుగైదు మడతలుంటాయి, గొట్టం లోపలికి పోదు. గడ్డకట్టించిన వీర్యమైతే పొట్టకు చిన్న రంధ్రం చేసి లాప్రోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టంతో లోపలే వదలాలి. అది మన దొడ్లలో జరిగే పని కాదు.

కవలల పొట్టేలు గురించి జాగ్రత్త. నిజమైన జన్యువు ఒకటుంది, పేరు ఫెక్‌బి. బెంగాల్ సుందరవనాల్లోని చిన్న గరోల్ గొర్రెల్లో ఉంటుంది. ఏ జన్యువులో మార్పో 2001లో తేలింది. మహారాష్ట్ర ఫల్టణ్‌లోని నింబ్కర్ సంస్థ దాన్ని దక్కనీ గొర్రెలోకి తెచ్చి నారి సువర్ణ అనే రకాన్ని తయారుచేసింది. దక్కనీ మన పడమటి మండలాల గొర్రే కాబట్టి ఇక్కడ దానికి గిరాకీ పెరిగింది. సంతలో "ఇది కవలల్లో పుట్టింది" అని చెప్పి అమ్మేది ఈ జన్యువు కాదు. కవలగా పుట్టినంత మాత్రాన కవలలు పుట్టించే గుణం పిల్లలకు పెద్దగా దిగదు. జన్యు పరీక్ష కాగితం చూపిస్తేనే డబ్బు తీయండి. చూపించినా, మీరు వేసవిలో మందను వలస తోలేవాళ్లయితే నా సలహా వద్దనే. రోజంతా నడిచే గొర్రెకు రెండు పిల్లలకు సరిపడా పాలు రావు. రెండో పిల్లను ఎవరు చంకనేసుకుని తిరుగుతారు?

చివరిగా ఒక ప్రశ్న అడుగుతాను: ఆ ఇరవై అసలు కట్టలేదా, కట్టి ఈసుకుపోయాయా, అంటే కడుపు జారిపోయిందా? దాటించిన మొదటి రెండు వారాలు పిండం చాలా సున్నితం. పన్నెండు పదమూడో రోజుకు అది ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌తో "నేనున్నాను" అని గర్భాశయానికి తెలియజేయాలి, లేదంటే గొర్రె మళ్లీ ఎదలోకి పోతుంది. ఆ రోజుల్లో దూరం తోలడం, ఆకలితో ఉంచడం, ఎండలో నిలబెట్టడం మానండి. ఇక చివరి రెండు నెలల్లో వరసగా ఈసుకుపోతుంటే బ్రూసెల్లా, క్లామిడియా లాంటివి ఉండొచ్చు. పడిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దు, కుక్కలకు వేయొద్దు, లోతుగా సున్నంతో పూడ్చండి. బ్రూసెల్లా మనుషులకు అంటుకుంటే వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లను ఆ పనికి పంపొద్దు. రక్తం నమూనాలకు మీ పశువైద్యుణ్ని అడగండి, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలోనూ విచారించండి.

ఖాళీ గొర్రెలను ఇప్పుడే అమ్మేయకండి. పొట్టేలు మార్చాక దాటించి, నలభై రోజులు దాటితే స్కానింగ్‌లో చూలు తెలుస్తుంది. మంచి పొట్టేలుతో కూడా రెండోసారి ఖాళీగా మిగిలిన ముదురు గొర్రెలను సంతకు తోలండి. తొలిచూలు పడుచు గొర్రెలకు ఇంకో ఎద అవకాశం ఇవ్వండి, అవి సగం సార్లు మేత చాలకే ఆగిపోతాయి.