ఇంకేదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని మెషీన్‌లో, పైథాన్‌తోపాటు వచ్చే కమాండ్లతోనే ఎంతవరకు నెట్టుకురావచ్చు?

మీరు అడిగింది ఇదీ: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో విండోస్, కొత్తగా ఏదీ వేసుకోనివ్వరు, అదృష్టం కొద్దీ పైథాన్ 3 ఉంది. దాంతోనే జేసన్ ఫైళ్లు (డేటాని టెక్స్ట్‌గా రాసుకునే ఒక పద్ధతి) చదవగలిగేలా సర్దుకోవాలి, పక్క మెషీన్‌కి ఫైళ్లు ఇవ్వాలి, జిప్‌లు విప్పాలి, రెండు కోడ్ ముక్కల్లో ఏది వేగమో తేల్చాలి. జేసన్ సర్దగానే అందులోని తెలుగంతా అర్థంకాని కోడ్‌లా మారిపోతోందని కూడా రాశారు.

ఇవన్నీ జరుగుతాయి. కాకపోతే ఒక్కోటి ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలిసుండాలి. కింద కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ స్మాల్ లెటర్స్‌లో కొట్టండి, పెద్దక్షరం కావాల్సిన చోట చెప్తాను.

ముందు -ఎం సంగతి. పైథాన్‌ని పిలిచేటప్పుడు పెట్టే ఆప్షన్ ఇది. దాని పక్కన మాడ్యూల్ (రెడీమేడ్ కోడ్ ఫైలు) పేరు ఇస్తే పైథాన్ ఆ మాడ్యూల్‌ని తానే వెతికి పట్టుకుని స్క్రిప్టులా నడుపుతుంది. పైథాన్ 2.4 వెర్షన్ నుంచీ ఉన్న సదుపాయమే. ఇందులో అసలు లాభం, ఏ పైథాన్‌ని పిలిస్తే ఆ పైథాన్ మాడ్యూలే నడవడం. పిప్‌ని (ప్యాకేజీలు వేసే కమాండ్) కూడా ఉత్తగా కాకుండా "పైథాన్ -ఎం పిప్" అని పిలవమని అందరూ మొత్తుకునేది అందుకే. ఒకే మెషీన్‌లో 3.9, 3.12 రెండూ ఉంటే, ఉత్త పిప్ ప్యాకేజీని ఎందులో పడేస్తుందన్నది పాథ్ (ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా) వరుసని బట్టి ఉంటుంది. విండోస్‌లో లాంచర్ ఉంటే "పీవై -3.12 -ఎం ..." అని వెర్షన్ పేరు పెట్టి మరీ పిలవచ్చు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. -ఎం వాడినప్పుడు పైథాన్ అన్నిటికన్నా ముందు మీరున్న ఫోల్డర్లోనే వెతుకుతుంది. ఆ ఫోల్డర్లో జేసన్.పీవై అనే ఫైలుంటే (నేర్చుకునేవాళ్లు ప్రాక్టీసు ఫైలుకి పెట్టే మొదటి పేరు అదే) లైబ్రరీలోని జేసన్‌కి బదులు అది దొరుకుతుంది. మీ ఫైలు ఒకసారి నడిచేస్తుంది, ఆ తర్వాత జేసన్.టూల్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. క్యాలెండర్.పీవై, ర్యాండమ్.పీవై ఉన్నా ఇదే కథ. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో నిలబడి -ఎం కొట్టడం ఇంకా ప్రమాదం, ఎవరో పంపిన ఫైలు మీ చేత్తో మీరే నడిపినట్టవుతుంది. విరుగుడు సులువు: -ఎం కన్నా ముందు పెద్దక్షరం -ఐ పెట్టండి. 3.4 నుంచి ఉంది. మీరున్న ఫోల్డర్ని, పైథాన్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని (మెషీన్‌లో ముందే పెట్టి ఉంచిన సెట్టింగులు) రెండిటినీ పట్టించుకోదు. ఫోల్డర్ ఒక్కటే వద్దనుకుంటే 3.11 నుంచి పెద్దక్షరం -పీ ఉంది.

ఇక జేసన్.

పైథాన్ -ఎం జేసన్.టూల్ --నో-ఎన్ష్యూర్-ఆస్కీ పాతది.జేసన్ కొత్తది.జేసన్

మీ తెలుగు బాధకి మందు ఆ మధ్యలో ఉన్న ఆప్షనే. అది లేకపోతే ఆస్కీలో (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు మాత్రమే ఉన్న పాత పట్టిక) లేని ప్రతి అక్షరాన్నీ బ్యాక్‌స్లాష్, యూ, దాని వెనక నాలుగు హెక్స్ అంకెలుగా రాస్తుంది. డేటా చెడిపోయినట్టు కాదు, తిరిగి చదివితే తెలుగే వస్తుంది. మనిషి కంటికి మాత్రం పనికిరాదు. ఫైలు కూడా బరువెక్కుతుంది. "తెలుగు" అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఆరు కోడ్‌పాయింట్లు (విడి గుర్తులు) ఉన్నాయి, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 18 బైట్లు, ఆ బ్యాక్‌స్లాష్ రూపంలో 6 చొప్పున 36. తెలుగు నిండిన ఫైలు దాదాపు రెట్టింపవుతుందన్నమాట. ఈ ఆప్షన్ 3.9లో వచ్చింది, అంతకన్నా పాతదైతే "గుర్తించని ఆర్గ్యుమెంట్" అని తిరగ్గొడుతుంది.

పై కమాండ్‌లో కొత్త ఫైలు పేరుని గ్రేటర్‌దేన్ గుర్తుతో మళ్లించకుండా రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చాను, కావాలనే. రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే ఫైలుని యూటీఎఫ్-8లోనే రాస్తుంది. మళ్లిస్తే విండోస్‌లో రెండు రకాలుగా దెబ్బతింటారు. సీఎండీలో (విండోస్ కమాండ్ ప్రాంప్ట్) అవుట్‌పుట్ పాత కోడ్‌పేజీలో (పాత అక్షరాల పట్టిక) వెళ్తుంది, అందులో తెలుగు లేదు, "చార్‌మ్యాప్ కోడెక్ ఎన్‌కోడ్ చేయలేదు" అన్న ఎర్రర్‌తో ఆగిపోతుంది. పవర్‌షెల్ 5.1లో అయితే గ్రేటర్‌దేన్ గుర్తు ఫైలుని యూటీఎఫ్-16లో రాస్తుంది, తర్వాత దాన్ని చదివే ప్రోగ్రామ్ తెల్లమొహం వేస్తుంది. మళ్లింపు తప్పని చోట పైథాన్ పక్కనే "-ఎక్స్ యూటీఎఫ్8" పెట్టండి, ఎక్స్ పెద్దక్షరం, 3.7 నుంచి ఉంది. సీఎండీలో ఎర్రర్ దాంతో పోతుంది, పవర్‌షెల్ 5.1 గొడవ మాత్రం పోదు. ఇంకో మాట: చదివే ఫైలుకే మళ్లించొద్దు. పైథాన్ మొదలవకముందే షెల్ ఆ ఫైలుని సున్నా బైట్లకు తుడిచేస్తుంది, మీకు మిగిలేది "ఎక్స్‌పెక్టింగ్ వాల్యూ: లైన్ 1 కాలమ్ 1" అన్న సందేశం మాత్రమే.

సందేశాలు చదవడం అలవాటైతే సగం పని అయినట్టే. "ఎక్స్‌ట్రా డేటా: లైన్ 2 కాలమ్ 1" వచ్చిందంటే అది ఒకే జేసన్ కాదు, లైనుకొకటి చొప్పున ఉన్న లాగ్ ఫైలు, "--జేసన్-లైన్స్" జత చేయండి, 3.8 నుంచి ఉంది. "అన్‌ఎక్స్‌పెక్టెడ్ యూటీఎఫ్-8 బామ్" అంటే ఫైలు మొదట్లో బామ్ అనే కనబడని మూడు బైట్లున్నాయి. పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేసిన ఫైళ్లతో తరచూ వచ్చేది ఇదే; కొత్త నోట్‌ప్యాడ్‌లో తెరిచి, బామ్ లేని యూటీఎఫ్-8 ఎంచుకుని సేవ్ చేస్తే పోతుంది.

దీన్ని సర్దడానికి వాడండి, సరిచూడ్డానికి పూర్తిగా నమ్మొద్దు. ఒకే ఆబ్జెక్టులో ఒకే కీ రెండుసార్లు ఉంటే చప్పుడు చేయకుండా చివరిదే ఉంచి మొదటిది పారేస్తుంది. 1.10 అని ఉన్న సంఖ్య 1.1గా బయటికొస్తుంది. ధరలూ వెర్షన్ నంబర్లూ కోట్స్ లేకుండా ఉన్న ఫైలుని దీంట్లో తిప్పి అసలు ఫైలు మీద రాసేయకండి. అలాగే, ఇది ఫైలంతా మెమరీలోకి లాక్కుంటుంది, ఒకటి రెండు జీబీల ఫైలుతో ల్యాప్‌టాప్ మూలుగుతుంది.

పక్క మెషీన్‌కి ఫైళ్లు ఇవ్వడానికి:

పైథాన్ -ఎం హెచ్‌టీటీపీ.సర్వర్ 8000 --డైరెక్టరీ ఇవ్వాల్సిన_ఫోల్డర్

డైరెక్టరీ ఆప్షన్ 3.7 నుంచి. అది ఇవ్వకపోతే మీరున్న ఫోల్డర్ మొత్తం తెరుచుకుంటుంది, చుక్కతో మొదలయ్యే ఫైళ్లతో సహా. పాస్‌వర్డులు దాచుకునే చుక్క-ఈఎన్‌వీ ఫైలూ, గిట్ ఫోల్డరూ అందులోనే ఉంటాయి. పాస్‌వర్డు అడగడం దీనికి చేతకాదు, సిమ్‌లింక్ (వేరే చోటికి దారి చూపే లింకు ఫైలు) ఉంటే దాని వెంట ఫోల్డర్ బయటికీ వెళ్లిపోతుంది. అందుకే ఇవ్వాల్సినవి మాత్రమే విడిగా ఒక ఖాళీ ఫోల్డర్లోకి కాపీ చేసి దాన్నే చూపించండి, పనవగానే కంట్రోల్-సీ కొట్టండి. మీ మెషీన్‌లో మీరే చూసుకోవడానికైతే "--బైండ్ 127.0.0.1" పెట్టండి; లేకపోతే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లందరికీ కనబడుతుంది.

అవతలి మెషీన్‌లో తెరుచుకోకపోతే ఈ వరుసలో చూడండి. టెర్మినల్‌లో 0.0.0.0 అనో [::] అనో కనబడేది కొట్టాల్సిన అడ్రస్ కాదు; "ఐపీకాన్ఫిగ్" కొట్టి ఐపీవీ4 అడ్రస్ తీసుకోండి, 192.168.1.7 లాంటిది, దాని వెనక కోలన్, 8000. టెర్మినల్‌లో చెత్త అక్షరాలతో కూడిన 400 ఎర్రర్లు పడుతుంటే, అవతలి బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్‌తో తట్టుతోందని అర్థం. ముందు హెచ్‌టీటీపీ అని పూర్తిగా టైప్ చేయాలి. అసలేమీ పడకపోతే ఫైర్‌వాల్. మొదటిసారి విండోస్ అనుమతి అడిగినప్పుడు క్యాన్సిల్ కొట్టి ఉంటే అడ్డుకునే రూల్ పడిపోయి ఉంటుంది, దాన్ని తీయడానికి అడ్మిన్ హక్కులు కావాలి. ఆఫీసులు, హాస్టళ్ల వైఫైలో పరికరాలు ఒకదాన్నొకటి చూసుకోకుండా కట్టడి చేస్తుంటారు, అలాంటి చోట ఏం చేసినా లాభం లేదు. రెండు మెషీన్లనూ ఒకే ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపితే తరచుగా పనవుతుంది, ఆఫీసు నిబంధనలు ఒప్పుకుంటేనే సుమా.

పెద్ద ఫైళ్లతో ఓపిక పట్టాలి. ముక్కగా పంపే రేంజ్ సదుపాయం దీనికి లేదు, 2 జీబీ ఫైలు చివర్లో తెగితే మళ్లీ మొదటినుంచే. వీడియోని బ్రౌజర్లో ముందుకు జరపబోతే జరగనిదీ అందుకే. తెలుగు టెక్స్ట్ ఫైలుని బ్రౌజర్లో తెరిస్తే గజిబిజిగా కనబడవచ్చు. టెక్స్ట్ ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో ఈ సర్వర్ చెప్పదు, బ్రౌజర్ ఊహించుకుంటుంది. డౌన్‌లోడ్ చేసుకుని చూడండి, ఫైలు పదిలంగానే ఉంటుంది. అవతలివాళ్లు మీకు అప్‌లోడ్ చేయడం కుదరదు, 501 వస్తుంది. వాళ్ల మెషీన్‌లోనూ పైథాన్ ఉంటే వాళ్లనే సర్వర్ పెట్టమనండి.

జిప్ గురించి చెప్పాల్సింది తక్కువే. "పైథాన్ -ఎం జిప్‌ఫైల్" పక్కన -ఎల్ అంటే లోపలేముందో చూపిస్తుంది, -టీ అంటే పాడైందేమో చూస్తుంది, -ఈ అంటే విప్పుతుంది, -సీ అంటే కడుతుంది. విప్పేటప్పుడు గమ్యం ఫోల్డర్ ఇచ్చి తీరాలి. కట్టేటప్పుడు అదే పేరుతో జిప్ ఉంటే అడగకుండా దాని మీదే రాసేస్తుంది. పాస్‌వర్డ్ ఉన్న జిప్‌ని కమాండ్ లైన్ నుంచి విప్పలేరు. వర్డ్, ఎక్సెల్ కొత్త ఫైళ్లు కూడా లోపల జిప్‌లే కనుక -ఎల్ వాటి మీదా నడుస్తుంది.

వేగం కొలవడానికి టైమ్‌ఇట్, దీంట్లో విండోస్ వాళ్లని బోల్తా కొట్టించే విషయం ఒకటుంది.

పైథాన్ -ఎం టైమ్‌ఇట్ -ఎస్ "ఎక్స్ = లిస్ట్(రేంజ్(1000))" "సమ్(ఎక్స్)"

డబుల్ కోట్సే వాడండి. లినక్స్ ఉదాహరణల్లో సింగిల్ కోట్స్ ఉంటాయి, సీఎండీకి అవి కోట్సే కావు. మధ్యలో స్పేస్ ఉంటే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, అది నయం. స్పేస్ లేకపోతే మీ కోడ్ మొత్తం కోట్స్‌తో సహా పైథాన్‌కి చేరి ఉత్త స్ట్రింగ్ అయిపోతుంది. కోడ్ నడవనే నడవదు, కొన్ని నానోసెకన్లే పట్టిందని ఫలితం మెరిసిపోతుంది. ఏం రాసినా ఒకే అంకె వస్తోందంటే కారణం ఇదే.

ఎన్నిసార్లు తిప్పాలో అదే తేల్చుకుంటుంది: మొత్తం కనీసం 0.2 సెకను పట్టేదాకా 1, 2, 5, 10, 20 అని పెంచుకుంటూ పోతుంది, తర్వాత దాన్ని 5 సార్లు చేసి అన్నిటికన్నా తక్కువ సమయం చూపిస్తుంది. సగటు కాకుండా తక్కువది చూపడం సరైన పద్ధతే, ఎక్కువ వచ్చినవి మెషీన్‌లో నడిచే మిగతా పనుల పుణ్యం కదా. అయితే -ఎస్‌లో ఇచ్చింది (కొలతకి ముందు సిద్ధం చేసే కోడ్) ఒక్కో దఫాకి ఒక్కసారే నడుస్తుంది. "ఎక్స్.సార్ట్()"ని కొలిస్తే మొదటి తిప్పులోనే లిస్టు వరుసకొచ్చేస్తుంది, మిగతా వేల తిప్పుల్లో మీరు కొలిచేది అప్పటికే సర్దిన లిస్టుని మళ్లీ సర్దడం. "సార్టెడ్(ఎక్స్)" రాయండి. గార్బేజ్ కలెక్టర్ (వాడకం అయిపోయిన మెమరీని ఖాళీ చేసేది) కూడా కొలిచేంతసేపు ఆపేసి ఉంటుంది, లక్షల ఆబ్జెక్టులు సృష్టించే కోడ్‌కి నిజజీవితంలో ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

మీరు అడగకపోయినా రెండు. 3.12 నుంచి "పైథాన్ -ఎం ఎస్‌క్యూలైట్3 ఫైలు.డీబీ" అంటే ఆ డేటాబేస్ ఫైలుని ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ ప్రాంప్ట్ వస్తుంది, కాలమ్ పేర్లు చూపించదు, ఫైలు పేరు తప్పు కొడితే ఆ పేరుతో ఖాళీ ఫైలు పుట్టించి "అలాంటి టేబుల్ లేదు" అంటుంది. "పైథాన్ -ఎం పీడీబీ -సీ కంటిన్యూ స్క్రిప్టు.పీవై" అంటే స్క్రిప్టు మామూలుగా నడిచి, కూలిన చోటే ఆగి వేరియబుల్స్ చూసుకోనిస్తుంది.

పాత చిట్కాల్లో కనబడే "ఎస్‌ఎంటీపీడీ" డమ్మీ మెయిల్ సర్వర్ 3.12లో తీసేశారు, వేరే మెషీన్‌కి టెల్‌నెట్‌తో కలిపే టెల్‌నెట్‌లిబ్ 3.13లో పోయింది. మీ మెషీన్‌లో "పైథాన్ --వెర్షన్" ఏమంటుందో ఇక్కడ రాయండి, 3.9 కన్నా పాతదైతే తెలుగు జేసన్‌కి నాలుగు లైన్ల స్క్రిప్టు కావాలి, అది ఇస్తాను.