మా అమ్మాయి రాళ్ల పని చేస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ ఫైనలియర్. సెలవుల్లో ఒక పాత రాతి గుడి మరమ్మతుల దగ్గర ఇంటర్న్‌షిప్ చేసింది. ఇక అదే పని చేస్తానంటోంది. అక్కడ గోనెసంచులు తడపడం తప్ప ఏం నేర్చుకుందో నాకైతే అర్థం కాలేదు. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు మంచిదా, ఈ రాళ్ల పని మంచిదా? పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది. పైకి అడిగేది జీతం గురించి. లోపల ఉన్నది, నలుగురు అడిగితే ఏం చెప్పుకోవాలన్న బెంగ.

ముందు ఆ గోనెసంచుల సంగతి. పాత గోడల్లో రాయికీ రాయికీ మధ్య ఉండేది సున్నం. అది సిమెంటులా గంటల్లో గట్టిపడదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ వారాల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. అందుకు తడి ఉండాలి, ఆ తడి ఆరకుండా పైన కప్పేవే ఆ గోనెసంచులు. మన ఎండకు వదిలేస్తే తొందరగా ఆరిపోయి, వేలితో గీకినా పొడిలా రాలుతుంది. ఈ ఓపిక లేక జాయింట్లలో సిమెంటు కూరేస్తారు. కొత్తలో చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఇంతకుముందు సున్నం గుండా ఆరిపోయే తేమ దారి మూసుకుపోయి రాతి వైపు మళ్లుతుంది. తేమతో వచ్చిన ఉప్పు పైపొర కింద పేరుకుని, దాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. గ్రానైట్ కొంత తట్టుకుంటుంది, ఇసుకరాయి, ఇటుక తట్టుకోలేవు. తర్వాత ఆ సిమెంటు తీయబోతే చెక్కిన అంచులు కూడా విరిగి వస్తాయి. మీ అమ్మాయి చూసి వచ్చింది ఈ పనిని. అక్కడ ఏం చేశావమ్మా అని ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా? అడగకుండానే తీసిపారేయడం మీకు తగదు.

1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే నెలలో కూలిపోయింది. గోపురానికి బీటలు ముందే ఉన్నాయి. గుళ్లకు దండం పెట్టేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. బీట చూసి అది ఎందుకొచ్చిందో, ఎంతవరకు పోతుందో చెప్పగల ఇంజినీర్లే తక్కువ.

డేటా సైన్స్ విషయంలో నాకున్నవి అనుమానాలే. సబ్జెక్టు గట్టిదే, కాదనను. కానీ అది స్టాటిస్టిక్స్ మీద ఏళ్ల తరబడి కూర్చునేవాళ్లది. ఆరు నెలల కోర్సు చేసినవాళ్ల రెజ్యూమేలు నా దగ్గరికి వస్తుంటాయి. టైటానిక్ ఓడలో ఎవరు బతికారు, ఇంటి ధర ఎంత పలుకుతుంది అని కంప్యూటర్‌తో అంచనా వేయడం, అందరివీ ఇవే ప్రాజెక్టులు. పేరు మారిస్తే ఎవరిదో చెప్పలేం. పైగా అలాంటి చిన్న పనులు ఇప్పుడు ఏఐ చేసేస్తోంది. మీ అమ్మాయి తనే ఇష్టపడి అడిగితే వేరే మాట. పక్కింటి అబ్బాయి చేరాడని చేర్పిస్తే ఫీజూ పోతుంది, పిల్ల ఉత్సాహమూ పోతుంది.

జీతం మాట దాచను. మరమ్మతుల పనిలో మొదట్లో ఐటీ కంటే తక్కువే వస్తుంది. కాంట్రాక్టు పనులు, బిల్లులు ఆలస్యమవుతాయి. కన్జర్వేషన్‌లో, అంటే పాత కట్టడాల పరిరక్షణలో, ఎం.ఆర్క్ ఆర్కిటెక్చర్ డిగ్రీ (బి.ఆర్క్) చదివినవాళ్లకు. మీ అమ్మాయికి సరైన దారి గేట్ పరీక్ష రాసి స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో, అంటే కట్టడాల బలం లెక్కగట్టే చదువులో, ఎం.టెక్. పాత కట్టడాల భద్రత మీద పనిచేసే జాతీయ కేంద్రం మీ ఊళ్లోనే, ఐఐటీ మద్రాస్‌లో ఉంది. ఎప్పుడైనా పాత కట్టడాల పని దొరకకపోయినా స్ట్రక్చరల్ ఇంజినీరుగా బతుకు ఆగదు. ఆ భయం వదిలేయండి. పెళ్లి సంబంధాల గురించి కూడా ఇప్పటినుంచే మనసు పాడు చేసుకోకండి. ఇంజినీరని చెప్పండి, అది నిజమే కదా.

మీరు నిజంగా పట్టించుకోవాల్సింది దుమ్ము. రాయి కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. ఉద్యోగంలో చేరేముందు ఆ సైట్లో నీళ్లు పోస్తూ కోస్తారా, మామూలు గుడ్డ కాకుండా సరైన మాస్కులు ఇస్తారా, పరంజా మీద సేఫ్టీ బెల్టు ఉంటుందా అని మీరే వెళ్లి అడగండి. లేదంటే ఆ సైటు వద్దని చెప్పండి, ఆ పనే వద్దని కాదు.