గాలి తగిలితే చచ్చే బ్యాక్టీరియా మీద పీహెచ్‌డీ: మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫైనలియర్, బయోకెమిస్ట్రీ గ్రూపు. ఎమ్మెస్సీ అయ్యాక, గాలి లేని చోట బాగా వేడిలో బతికే బ్యాక్టీరియా మీద, వాటి ఎంజైముల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. బీఈడీ చేసి టీచర్ అయితే చాలని మా ఉద్దేశం. ఈ లైన్లో ఉద్యోగాలు ఉంటాయా? ఎన్నేళ్లు పడుతుంది? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ టెన్షన్ నాకు అర్థమైంది. ముందు లెక్క చెప్పేస్తాను. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ఏదైనా ల్యాబ్‌లో చేసే తాత్కాలిక రీసెర్చ్ పని) రెండు మూడేళ్లు. పర్మనెంట్ ఉద్యోగం చేతికి వచ్చేసరికి అమ్మాయికి ముప్పై దాటుతుంది. ఇందులో దాచడానికి ఏమీ లేదు. అయితే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 ఫెలోషిప్, పైన హెచ్ఆర్ఏ ఉంటుంది. అంటే పీహెచ్‌డీ కాలంలో ఆమె మీ మీద ఆధారపడదు.

ఇక ఈ సబ్జెక్టు సంగతి. లార్స్ యుంగ్‌డాల్ అనే శాస్త్రవేత్త గురించి చెబితే మీకు బాగా అర్థమవుతుంది. ఆయన స్వీడన్‌లో పుట్టారు. స్టాక్‌హోమ్‌లో బీరు తయారుచేసే కంపెనీలో చాలా ఏళ్లు కెమిస్టుగా పనిచేసి, 1958లో అమెరికా వెళ్లి, క్లీవ్‌లాండ్‌లో హార్లాండ్ వుడ్ అనే బయోకెమిస్ట్ ల్యాబ్‌లో చేరారు. పీహెచ్‌డీ పూర్తయింది 1964లో, 38 ఏళ్లకు. 1967 నుంచి జార్జియా యూనివర్సిటీలో పనిచేశారు. వయసు మించిపోతుందేమోనన్న భయం ఉన్నవాళ్లకు ఈ తేదీలే చెబుతుంటాను.

ఆయన పరిశోధన చేసిన బ్యాక్టీరియా పేరు అప్పట్లో క్లోస్ట్రీడియం థెర్మోఅసెటికం, ఇప్పుడు మూరెల్లా థెర్మోఅసెటికా అంటున్నారు. 1942లో గుర్రపు పేడలో దొరికింది. 55 నుంచి 60 డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది, ఆక్సిజన్ తగిలితే పెరగదు. ఈస్టుకి గ్లూకోజ్ ఇస్తే అందులోని ఆరు కార్బన్లలో రెండు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతాయి. ఇది మాత్రం ఒక్క గ్లూకోజ్ నుంచి రెండేసి కార్బన్లున్న మూడు ఎసిటిక్ ఆసిడ్‌లు తీస్తుంది. ఒక్క కార్బన్ కూడా వృథా పోనివ్వదు, కార్బన్ డయాక్సైడ్‌ని మళ్లీ పట్టి వాడుకుంటుంది. ఎలా వాడుకుంటుందో తేల్చడానికి దశాబ్దాలు పట్టింది. ఆ దారికి ఇప్పుడు వుడ్–యుంగ్‌డాల్ పాత్‌వే అని పేరు. అందులో కార్బన్‌ని భుజాన మోసే టెట్రాహైడ్రోఫోలేట్ అనే పదార్థం, ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌కి మరో రూపమే. ఆ ఫోలిక్ ఆసిడ్‌ని 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమ్మాయికి ఈ మాట చెప్పండి, సంతోషిస్తుంది.

ఈ బ్యాక్టీరియాలోనే, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి ఫార్మేట్‌గా మార్చే ఫార్మేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఉంది. పాత బల్బుల ఫిలమెంట్లలో వాడే టంగ్‌స్టన్ లోహం దానికి అవసరమని 1973లో ఆనవాలు దొరికింది. గాలి తగిలితే పాడైపోయే ఆ ఎంజైముని శుద్ధిచేసి, టంగ్‌స్టన్ అందులోనే ఉందని చూపించింది 1983లో. మధ్యలో పదేళ్లు! ఈ రంగంలో పని వేగం అదీ.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా మీకు తెలియాలి. బ్యాక్టీరియాకి పెట్టే ద్రావణాన్ని మరిగించి, నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ని తరిమేసి, మందపాటి రబ్బరు బిరడా పెట్టి, అల్యూమినియం మూతతో బిగిస్తారు. అందులో రెసజురిన్ అనే రంగు చుక్క వేస్తారు. ఆక్సిజన్ లేకపోతే సీసా రంగు లేకుండా ఉంటుంది. పొద్దున్నే వెళ్లేసరికి లేత గులాబీ రంగు కనిపించిందంటే ఎక్కడో గాలి చొరబడిందన్నమాట. ఆ సీసా పారబోసి మళ్లీ మొదటికి రావాలి. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒక సోమవారం ఇంక్యుబేటర్ తలుపు తీస్తే పన్నెండు సీసాలూ గులాబీ రంగులో ఉన్నాయి. బిరడాలు పాతబడి పగుళ్లిచ్చాయి. ఆ రోజు ఏడ్చేశాను. నా పక్క బెంచీ అమ్మాయి ఏమీ అనకుండా కొత్త బిరడాలు కడగడం మొదలుపెట్టింది. రీసెర్చ్‌లో చివరిదాకా నిలిచింది ఆవిడే, నేను ఇలా సలహాలు చెప్పే పనికి వచ్చేశాను.

అందుకే ‘స్కోప్ ఉందా’ అన్న ప్రశ్న కంటే ముందు, మీ అమ్మాయి ఈ పనిని చేత్తో చేసి చూడాలని నా గట్టి అభిప్రాయం. ఎమ్మెస్సీ మాత్రం బయోకెమిస్ట్రీలోనే చేయించండి. ఇప్పుడే ఇంత చిన్న టాపిక్‌కి కట్టేసుకోవద్దు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియా, కాకతీయలకు సీపీగెట్ అనే ఎంట్రన్స్ పరీక్షలు రాయాలి. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చేయించండి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో ఉంటుంది. వచ్చాక మాట్లాడుకోవచ్చు.

ఉద్యోగాల విషయానికొస్తే, ఈ బ్యాక్టీరియా పేరుతో నోటిఫికేషన్లు రావు. కానీ ప్రొటీన్‌ని శుద్ధిచేయడం, ఎంజైము పనితనం కొలవడం, ఫెర్మెంటర్ (బ్యాక్టీరియాని పెద్ద ఎత్తున పెంచే తొట్టి) నడపడం వచ్చిన మనిషికి హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలోని బయోఫార్మా కంపెనీల్లో, డిటర్జెంట్, బట్టల పరిశ్రమలకు ఎంజైములు చేసే కంపెనీల్లో, బయోగ్యాస్ ప్లాంట్లలో పని ఉంటుంది. చైనాలో 2018 నుంచి ఒక ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టం వాయువుల నుంచి ఇథనాల్ తీస్తున్నారు. అక్కడ వాడేది వేడిని కోరే బ్యాక్టీరియా కాదు గానీ, లోపల నడిచేది ఈ వుడ్–యుంగ్‌డాల్ దారే. యూనివర్సిటీ పోస్టులు తక్కువ, నియామకాలు ఆలస్యం. వాటి మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు.

పీహెచ్‌డీ దాకా వెళ్తే గైడు పేరు చూసి చేర్పించకండి. గాలి లేని గదిపెట్టె, అంటే గ్లవ్ బాక్స్, ఆ ల్యాబ్‌లో నిజంగా పనిచేస్తోందో లేదో కనుక్కోమనండి. అక్కడ ఇప్పటికే పీహెచ్‌డీ చేస్తున్న ఇద్దరితో విడిగా ఫోన్‌లో మాట్లాడమనండి. సార్ ఎదురుగా చెప్పలేని సంగతులు అప్పుడు చెబుతారు.