క్లౌడ్ కోర్సులో చేరే ముందు...

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అవుతానంటోంది. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడబ్ల్యూఎస్, డెవాప్స్ నేర్పి ఉద్యోగం గ్యారంటీగా ఇప్పిస్తామంటున్నారు. చేర్పించమంటారా? సీఎస్ఈ కాకపోతే కష్టమా? నైట్ డ్యూటీలు ఉంటాయేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇప్పుడే చేర్పించకండమ్మా. మూడో సంవత్సరమే కాబట్టి టైముంది. ఆ ఫీజు డబ్బులు మీ దగ్గరే ఉంచి, ముందు ఇంట్లో చేయగలిగింది చేయనివ్వండి.

ఒకప్పుడు ప్రతి కంపెనీ సర్వర్లు కొని ఆఫీసులోనే ఏసీ గదిలో పెట్టుకునేది. 2006లో అమెజాన్ కంప్యూటర్లను, స్టోరేజీని ఇంటర్నెట్ ద్వారా అద్దెకివ్వడం మొదలుపెట్టింది. కరెంటు మీటర్‌లా వాడుకున్నంతకే బిల్లు. ఇలా అద్దెకు దొరికే కంప్యూటర్లనే క్లౌడ్ అంటున్నారు, అమెజాన్ క్లౌడ్ పేరే ఏడబ్ల్యూఎస్. రాసిన సాఫ్ట్‌వేర్‌ను వాటి మీద పెట్టి, ఆగకుండా నడిపే పద్ధతి డెవాప్స్. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ అజూర్, గూగుల్ క్లౌడ్ వచ్చాయి. 2022 నవంబరులో అమెజాన్ మన హైదరాబాద్‌లోనే ఒక రీజియన్, అంటే సర్వర్లుండే డేటా సెంటర్ల సముదాయం, తెరిచింది. దేశంలో ముంబయి తర్వాత అది రెండోది. దాన్ని చూపించి 'ఇక ఉద్యోగాలే ఉద్యోగాలు' అని ఊరించేవాళ్లున్నారు, నమ్మకండి. డేటా సెంటర్‌లో ఉండేవి ఎక్కువగా మెషీన్లే. ఉద్యోగాలిచ్చేది క్లౌడ్‌ను వాడుకునే కంపెనీలు: హైటెక్ సిటీ, గచ్చిబౌలిల్లో ఆఫీసులున్న బ్యాంకులు, ఫార్మా సంస్థలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు.

అక్కడ పని ఎలా ఉంటుందంటే, ఒక అప్లికేషన్ చాలా మెషీన్ల మీద నడుస్తుంటుంది. ఒకటి ఆగిపోయినా వాడేవాళ్లకు తెలియకుండా సాగిపోయేలా కోడ్ రాయాలి. ఆ మెషీన్లను కూడా టెర్రాఫామ్ లాంటి టూల్‌తో కోడ్ ద్వారానే సృష్టిస్తారు. ఎవరికి ఏ పర్మిషన్ ఉండాలి, బిల్లు ఎందుకు పెరిగింది, ఇవీ చూసుకోవాలి. అన్నిటికంటే ఎక్కువగా కావలసింది తప్పు ఎక్కడుందో పట్టుకునే నేర్పు.

ఉదాహరణకు మీ అమ్మాయి చిన్న వెబ్‌సైట్ ఒకటి క్లౌడ్‌లో పెట్టిందనుకుందాం. అది తెరుచుకోవడం లేదు. చాలాసేపు తిరిగి తిరిగి 'టైమ్డ్ అవుట్' అని వచ్చిందంటే, చాలావరకు రిక్వెస్టు మెషీన్ దాకా చేరడం లేదన్నట్టు. సెక్యూరిటీ గ్రూప్‌లో (ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే నియమాలు) పోర్టు, అంటే మెషీన్‌లోకి వెళ్లే ద్వారం, తెరిచారా, రూట్ టేబుల్ (డేటా ఏ దారిన వెళ్లాలో చెప్పే పట్టిక) సరిగ్గా ఉందా చూడాలి. వెంటనే 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వస్తే సాధారణంగా మెషీన్ దాకా వెళ్లింది కానీ ఆ పోర్టు మీద ఏ ప్రోగ్రామూ నడవడం లేదు. అప్పుడు సర్వీస్ ఎందుకు ఆగిందో లాగ్స్‌లో (ప్రోగ్రాము జరిగింది జరిగినట్టు రాసుకునే చిట్టా) వెతకాలి. 502 అనే ఎర్రర్ వస్తే ముందున్న లోడ్ బ్యాలెన్సర్ (వచ్చిన రిక్వెస్టులను మెషీన్లకు పంచేది) పనిచేస్తోంది, దాని వెనకున్న అప్లికేషన్ నుంచి సరైన జవాబు రావడం లేదు. ఈ మూడింటికీ తేడా చెప్పగలిగిన విద్యార్థుల మాటలను ఇంటర్వ్యూలో అవతలివాళ్లు శ్రద్ధగా వింటారు. సర్టిఫికెట్ షార్ట్‌లిస్టు దాకా సాయపడుతుంది, అంతే.

ఈసీఈ అయినా ఇబ్బంది లేదు. చాలా కంపెనీలు క్యాంపస్‌లో ఈసీఈ వాళ్లనూ కూర్చోనిస్తాయి. ముందు ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) వేసుకుని లినక్స్ కమాండ్లు చేతికి అలవాటు చేసుకోమనండి. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషీన్ చిరునామా), సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం), డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది) బాగా అర్థమవ్వాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టే గిట్ తప్పనిసరి. ఆ తర్వాత ఏదో ఒక క్లౌడ్, అప్లికేషన్‌ను దానికి కావలసినవన్నిటితో కలిపి కంటైనర్ అనే ప్యాకెట్‌గా కట్టే డాకర్. అలాంటి కంటైనర్లను చాలా మెషీన్ల మీద నడిపించే కుబర్నెటిస్‌కు తొందర లేదు. చాలామంది దాంతోనే మొదలుపెట్టి, పునాది లేక మధ్యలో వదిలేస్తున్నారు, చూస్తే బాధేస్తుంది.

క్లౌడ్ అకౌంట్ తెరవడానికి మామూలుగా కార్డు అడుగుతారు. అందుకే మొదటిరోజే బడ్జెట్ అలర్ట్ పెట్టించండి. అది హెచ్చరిస్తుందే తప్ప దానంతటది ఖర్చును ఆపదు. ప్రాక్టీస్ అయ్యాక మెషీన్లు, డిస్కులు డిలీట్ చేయాల్సిందే. యాక్సెస్ కీలు, అంటే ఆ అకౌంట్ తాళాల్లాంటి రహస్య కోడ్‌లు, పొరపాటున కూడా గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే వెబ్‌సైట్) పెట్టకూడదు. అలాంటి కీల కోసమే వెతికే ప్రోగ్రాములు ఎప్పుడూ తిరుగుతుంటాయి.

నైట్ డ్యూటీ సంగతి దాచను. రోజూ రాత్రి షిఫ్టు అన్నిచోట్లా ఉండదు, సపోర్ట్ ఉద్యోగాల్లో మాత్రం ఎక్కువ. డెవలప్‌మెంట్ టీముల్లో చాలావరకు ఆన్‌కాల్ ఉంటుంది. వంతులవారీగా ఒకరు ఫోన్ దగ్గర పెట్టుకుంటారు, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి చూడాలి. ఎక్కువగా ఇంటినుంచే చేయొచ్చు. ఇంకో సంగతి, నేరుగా 'క్లౌడ్ ఇంజనీర్' పేరుతో ఫ్రెషర్లను తీసుకోవడం తక్కువ. డెవలపర్‌గానో సపోర్ట్‌లోనో చేరి అటు మారేవాళ్లే ఎక్కువ.

కొన్ని నెలలు ఇలా చేశాక కూడా ఇష్టం నిలిచి, నేర్పేవాళ్లు కావాలనిపిస్తే అప్పుడు అమీర్‌పేట వెళ్లండి. డెమో క్లాసు ఒక్కటి విని ఫీజు కట్టేయకండి. లినక్స్, నెట్‌వర్కింగ్ ఎన్ని క్లాసులు చెబుతారు, ల్యాబ్ అమ్మాయి చేత చేయిస్తారా లేక సార్ స్క్రీన్ మీద చేస్తుంటే చూడటమేనా, ఇవి అడగండి. ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్లను ఆ మాట రాసిమ్మనండి. 'ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం' అన్న మాట వినబడితే మాత్రం అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఆఫర్ పోతుంది, చేరాక బయటపడినా ఉద్యోగం పోతుంది.